కడపలో ఒక బన్ను కోసం ఆరు నెలలు

మా అంగడికి వచ్చేవాళ్లు చికెన్ గురించి అడుగుతారు. ఎంతసేపు నానబెడతావు, ఏ నూనె వాడతావు, ఈ కారం ఏంది అని అడుగుతారు. బన్ను గురించి ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. నాకు మాత్రం 2021 దసరా నుంచి 2022 రంజాన్ దాకా ఆ బన్నుతోనే తెల్లారింది, ఆ బన్నుతోనే పొద్దుగూకింది. బర్గర్ల అంగడి పెట్టాలనుకునే తమ్ముళ్లు ఈ మధ్య తరచుగా ఫోన్ చేసి అడుగుతున్నారు కాబట్టి ఆ ఆరు నెలల సంగతి వివరంగా రాస్తున్నాను.

బెంగళూరులో బర్గర్లు చేసే ఒక వంటగదిలో నాలుగేళ్లు పనిచేశాను. మొదటి ఏడాదంతా ఎర్రగడ్డలు కోయడమే పని. తర్వాత ఫ్రయ్యర్ దగ్గర నిలబెట్టారు, చివరి రెండేళ్లు గ్రిల్ చూసుకున్నాను. కరోనాలో అది మూతపడింది. కడపకు వచ్చి ఏడాదిపాటు మా బావ చికెన్ అంగట్లో ఉన్నాను. ఊరికే కూర్చోలేక ఎర్రముక్కపల్లెలో పదడుగుల వెడల్పున్న ఒక గది బాడుగకు తీసుకున్నాను. బ్యాంకులో ముద్ర పథకం కింద, కిశోర్ విభాగంలో, 2 లక్షల అప్పు దొరికింది. ఫుడ్ సేఫ్టీ కాగితానికి చాలామంది భయపడతారు గానీ, ఏడాది అమ్మకం 12 లక్షలు దాటని చిన్న అంగడికి అప్పట్లో రిజిస్ట్రేషన్ చాలు, ఏడాదికి 100 రూపాయలు. ఆన్‌లైన్‌లో నేనే పెట్టుకున్నాను. 14 అంకెల నంబరు వచ్చింది. దాన్ని గిరాకీలకు కనబడేలా తగిలించాలి. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, 19 కిలోల కమర్షియల్ సిలిండరు, ఒక ఫ్రయ్యర్, ఒక పెద్ద పెనం, ఆరు ప్లాస్టిక్ స్టూళ్లు. విజయదశమి రోజు, అక్టోబరు 15న, టెంకాయ కొట్టి తెరిచాం.

మొదటి వారమే ఊరు తీర్పు చెప్పింది. "బాగుంది గానీ సామీ, సప్పగా ఉంది." చికెన్‌లో మిరియాలు, తెల్లగడ్డ, కారం అన్నీ వేసినా అదే మాట. పైన పూసిన తెల్ల మయొనైజే దానికి కారణం. పొద్దున్నే దోశ మీద ఎర్రకారం పూసుకుని తినే ఊరికి సాయంత్రం ఆ తెల్లటి పూత ఎందుకు ఆనుతుంది? అమ్మ ఎండుమిరపకాయలు నానబెట్టి, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు వేసి రోట్లో నూరి ఇచ్చింది. దాన్ని గుడ్డు లేని మయొనైజ్‌లో కలిపాను. రుచి కుదిరింది, కానీ పది నిమిషాలకే నీళ్లలా జారిపోయింది. మయొనైజ్ అంటే నూనెను సన్నటి బొట్లుగా నీళ్లలో పట్టి ఉంచిన ముద్ద. అందులో పచ్చి కారంలోని తడి చేరితే పట్టు సడలిపోతుంది. దోశ మీద ఆ కారానికి పెనం వేడి తగిలి తడి ఆరిపోతుంది కదా, అదే ఇక్కడా చేయాలని తట్టింది. కారాన్ని కొంచెం నూనెలో, నూనె పైకి తేలేదాకా వేయించి, పూర్తిగా చల్లారాక కలిపాం. మూడు పాళ్ల మయొనైజ్‌కు ఒక పాలు కారం. ఇప్పటికీ అదే లెక్క.

కారం తెచ్చిన కొత్త చిక్కు బన్నుకు వచ్చింది.

అప్పుడు నేను బన్నులు బెంగళూరు నుంచి తెప్పించేవాణ్ణి. రాత్రి బస్సులో పార్సిల్ వేస్తే తెల్లారి కడప బస్టాండులో దించుకోవాలి. 48 బన్నుల కట్టలో ఆరో ఏడో నలిగి పోయేవి. మిగిలినవి మొదటిరోజు మెత్తగానే ఉండేవి, రెండోరోజుకు పట్టుకుంటే పొడి రాలేది. ఎర్రకారం పూసిన కాసేపటికి కింది ముక్క తడిసి చేతిలోనే విడిపోయేది. ఒకమ్మ తన బిడ్డకు బర్గర్ కొనిచ్చి, అది మధ్యలోనే చీలి కింద పడితే, ఏమీ అనకుండా చేతులు కడుక్కుని పోయింది. ఆమె తిట్టి ఉంటే నేను ఆ రాత్రి పడుకునేవాణ్ణేమో.

ఇంతలో నవంబరు వానలు. ఆ ఏడాది వానలను మా జిల్లావాళ్లు మరవలేరు. 19వ తేదీన రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, కింది ఊళ్లలో ఎన్నో ప్రాణాలు పోయాయి. ఆ వారంలోనే కమలాపురం దగ్గర పాపాగ్ని వంతెన కూలింది. అలాంటి రోజుల్లో నా బన్నుల పార్సిల్ రాలేదని చెప్పుకోవడానికి మనసొప్పదు. ఉన్నదల్లా పులావు వండి వరద సాయం తీసుకుపోయే కుర్రవాళ్లకు ఇచ్చి, నాలుగు రోజులు అంగడి మూసేశాం. మళ్లీ తెరిచినరోజు చేతిలో బన్ను లేదు. పెద్ద దర్గా వైపు పోయే దారిలో ఉన్న పాత బేకరీకి పరుగెత్తి టీ బన్నులు తెచ్చాను.

ఆ బన్ను టీలో ముంచుకోవడానికి పుట్టింది. కిలో మైదాకు 200 గ్రాముల చక్కెర పడుతుంది, డాల్డా పడుతుంది, లోపలంతా గాలి. చాయ్‌తో తింటే అంత బాగుండే వస్తువు ఎర్రకారం చికెన్‌తో పొసగలేదు. ఒక కాలేజీ పిల్లోడు సగం తిని "అన్నా, ఇది మిఠాయిలో చికెన్ పెట్టినట్టుందన్నా" అన్నాడు. ఆ సాయంత్రమే మళ్లీ బేకరీకి పోయాను, ఈసారి కొనడానికి కాదు.

బేకరీ మాస్టరుకు అరవై దాటాయి. కట్టెల భట్టీ. లోపల గోడలు మసిబారి, మెరుస్తూ ఉంటాయి. చక్కెర తగ్గించిన బన్ను కావాలని, వెడల్పుగా ఉండాలని, సాయంత్రం దాకా మెత్తదనం నిలవాలని చెప్పుకుపోయాను. అంతా విని, "దినానికి ఎన్ని కావాలబ్బీ?" అన్నాడు.

"అరవై మాస్టరూ."

"అరవై బన్నులకు భట్టీ ఎవరు రాజేచ్చారు నాయనా?"

ఆయన అన్నది న్యాయమే. భట్టీకి పడే కట్టెల ఖర్చు వందల్లో బ్రెడ్లు దిగితేనే గిట్టుబాటు. అక్కడే నిలబడి వాళ్ల పని చూశాను. తెల్లవారుజామున మంట తీసేసి బ్రెడ్డు పెడతారు, అప్పుడు వేడి చాలా ఎక్కువ. బ్రెడ్డు దిగాక వేడి తగ్గుతూ పోతుంది. బాగా తగ్గిన తర్వాత ఆ మిగిలిన వేడిలో రస్కులు ఎండబెడతారు. బ్రెడ్డుకూ రస్కులకూ మధ్య ఒక గంట ఖాళీగా ఉంటుంది. ఆ గంట నాకు ఇమ్మని అడిగాను. ఆయన నవ్వలేదు, కాదనలేదు. "రేపు మూడు గంటలకు రా. పగలు కాదు, తెల్లార్జామున" అన్నాడు.

అట్లా పదిహేడు రాత్రులు పోయాను. నోటుబుక్కులో ఇప్పటికీ ఆ పేజీలున్నాయి, మైదా అంటి గట్టిపడిపోయి.

మొదటిరాత్రి చక్కెరను 200 నుంచి 70 గ్రాములకు తగ్గించాం, మిగతాదంతా ఆయన లెక్కే. పిండి ఆయన అనుకున్నదానికంటే ముందే పొంగి, ట్రేలోనే కుంగిపోయింది. చక్కెర ఎక్కువగా ఉంటే ఈస్టు మందగిస్తుంది, అందుకే టీ బన్నులో ఈస్టు ఎక్కువ వేస్తారు. చక్కెర తగ్గించి ఈస్టు అట్లే ఉంచితే అది పరుగు పెడుతుంది. రెండోరాత్రి ఈస్టు సగం చేశాం. పొంగడం సరిగా వచ్చింది గానీ బన్ను బంతిలా ఎత్తుగా లేచింది. దాంట్లో చికెన్ పెడితే నోరు పట్టదు. మాస్టరుకు తెలిసిన ఒక రేకుల పనాయన దగ్గర నాలుగంగుళాల వెడల్పుతో కడియాలు చేయించాను, మొదట పన్నెండు. ఉండను కడియంలో పెట్టి అరచేత్తో అదిమితే పక్కలకు సాగుతుంది. ఉండ తూకం 70 గ్రాములు. మాస్టరుకు త్రాసు అక్కర్లేదు, చేత్తో తుంచితే 68కీ 72కీ మధ్యే వస్తుంది. నేను ఐదుసార్లు తూచి చూసి, ఆరోసారి త్రాసు పక్కన పెట్టేశాను.

పై రంగు కోసం గుడ్డు పూయొచ్చు. కానీ మా దగ్గర ఉర్లగడ్డ బర్గర్ తినేవాళ్లున్నారు, శనివారం నీసు ముట్టనివాళ్లున్నారు. అందరికీ ఒకే బన్ను కాబట్టి పాలు పూసి నువ్వులు చల్లాం. గుడ్డు మెరుపు రాలేదు, నాకది లోటుగా అనిపించలేదు.

అసలు మొండికేసింది మెత్తదనం. తెల్లారి ఆరుకు దిగిన బన్ను మేము వాడేది సాయంత్రం ఐదు తర్వాత. ఆ పదకొండు గంటల్లో కడప గాలి దాన్ని పీల్చేస్తుంది. డాల్డా పెంచి చూశాం, నోట్లో జిడ్డు మిగిలింది. నీళ్లు పెంచితే పిండి చేతికి అంటుకుని ఉండ నిలవలేదు. పదకొండో పన్నెండో రాత్రి బెంగళూరులో మాకు బన్నులిచ్చిన బేకరీలో చూసిన ఒక పద్ధతి గుర్తొచ్చింది. కిలో మైదాలో 50 గ్రాములు తీసి, పావులీటరు నీళ్లలో కలిపి, గరిటెతో గీస్తే గీత నిలిచేదాకా కాస్తారు. ఆ జావ చల్లారాక మిగతా పిండిలో కలుపుతారు. 65 డిగ్రీల దగ్గర పిండిలోని గంజి పదార్థం ఉబ్బి నీటిని తనలో కట్టేసుకుంటుంది. పిండి చేతికి అంటదు, కానీ నీళ్లు మాత్రం లోపల ఎక్కువ ఉంటాయి.

నేను పొయ్యి మీద గిన్నె పెట్టి కలుపుతుంటే మాస్టరు వచ్చి తొంగిచూశాడు.

"బన్నులోకి సంగటి కెలుకుతాండావా?"

"అట్లాంటిదే మాస్టరూ."

ఆయన కాసేపు ఆలోచించి, "సంగటి ముద్ద మాపటికి గూడా మెత్తగా ఉంటాదిలే" అని గరిటె నా చేతిలోంచి తీసుకున్నాడు. అడుగంటకుండా కలపడం నాకంటే ఆయనకే బాగా వచ్చు.

ఆరోజు సాయంత్రం ఏడుకు ఒక బన్నును వేలితో నొక్కాను. లోపలికి పోయిన గుంట మెల్లగా పైకి లేచింది. ఫోన్‌లో వీడియో తీసి మాస్టరు కొడుక్కు పంపాను. జవాబేమీ రాలేదు, మర్నాడు పొద్దున నేను పోయేసరికి జావ కాచి చల్లార్చి పెట్టి ఉంది.

భట్టీకి మీటరు లేదు. బన్ను పెట్టే ముందు మాస్టరు చిటికెడు మైదా భట్టీ నేల మీదికి విసిరి లెక్కపెడతాడు. పది లోపలే నల్లబడితే ఇంకా ఆగాలి. ఇరవై అన్నా తెల్లగానే ఉంటే ఆలస్యమైపోయినట్టు. నా థర్మామీటరు పెట్టి చూస్తే ఆయన సరే అన్నప్పుడల్లా 200 చుట్టుపక్కలే చూపించింది. ఫ్రయ్యర్‌కు నేను 175 డిగ్రీలు పెడతాను, చికెన్ ముక్క నడుమ 74 దాటిందో లేదో ముల్లు గుచ్చి చూస్తాను. అక్కడ మీటరు లేకుండా నేను పని చేయలేను, చేయను కూడా. కోడిమాంసంలో పచ్చి మిగిలితే పిల్లలకు ప్రమాదం.

మిగిలింది తడి. బన్ను ఎంత మంచిదైనా కారం పూస్తే నానుతుంది. కోసిన వైపు వెన్న రాసి పెనం మీద నలభై సెకన్లు బోర్లిస్తే గోధుమరంగు పొర కడుతుంది, ఆ పొరా వెన్నా కలిసి తడిని ఆపుతాయి. గిరాకీ మీద పడినప్పుడు ఈ నలభై సెకన్లే మొదట ఎగిరిపోతాయి. పెనం దగ్గర నిలబడే మా బావకు నేను చెప్పింది ఒక్కటే: వరుస ఎంత పొడుగున్నా బన్ను పచ్చిగా పోకూడదు. ఎర్రగడ్డలు మాత్రం మన జిల్లా కృష్ణాపురం రకం దొరికితే అవే వాడతాం. చిన్నవి, ఘాటు ఎక్కువ. సన్నగా కోసి పది నిమిషాలు చల్లనీళ్లలో వేసి తీస్తే ఘాటు కాస్త దిగి కరకర మిగులుతుంది.

జనవరి నుంచి జనం రావడం మొదలైంది. ఆరు స్టూళ్లు ఇరవై అయ్యాయి. ట్యూషన్ వదిలే ఏడున్నరకు సైకిళ్లు అడ్డదిడ్డంగా నిలబడతాయి, ఎదురుగా ఉన్న టైలరన్న ఎవరూ చెప్పకుండానే వచ్చి వాటిని ఒక వరుసలో సర్దుతాడు. రిటైరైన ఒక లెక్కల అయ్యవారు రోజూ ఆరింటికి వచ్చి ఉర్లగడ్డ బర్గర్ నాలుగు ముక్కలుగా కోయించుకుని, మూడు తిని, నాలుగోది ఇంటికి కట్టించుకుంటాడు, వాళ్లమ్మకు. ఆ తల్లికి తొంభై. పళ్లు లేకపోయినా ఈ బన్ను నమలగలుగుతోందని ఆయన చెప్పినరోజు నేను ఫోన్ తీసి మాస్టరుకే మొదట చెప్పాను. నవంబరులో చేతులు కడుక్కుని పోయిన ఆ అమ్మ కూడా బిడ్డను తీసుకుని వచ్చింది. నేను గుర్తుపట్టాను, ఆమె గుర్తుపట్టలేదనుకుంటా. డబ్బులు తీసుకోవడానికి చేయి రాలేదు, కానీ తీసుకోకపోతే ఎందుకని అడుగుతుందని తీసుకున్నాను. బిడ్డకు ఇంకో ప్లేటు ఉర్లగడ్డ ముక్కలు వేశాను.

తర్వాత ఇంకో కష్టమూ వచ్చింది. 2023 జులైలో టమాటా ధర కిలో వంద దాటి ఎక్కడికో పోయింది. టమాటాకు పేరుపడ్డ మదనపల్లె మనకు దగ్గరే అయినా చుక్కల్లో ధర. ఉత్తరాదిలో మెక్‌డొనాల్డ్స్ అంగళ్లే బర్గర్‌లోంచి టమాటా తీసేశాయని పేపర్లలో చదివాం. మేమూ తీసేసి, ఆ సంగతి పలకమీద రాసి, ఐదు రూపాయలు తగ్గించాం. ఎవరూ ఏమనలేదు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

చెప్పాల్సింది 2022 వేసవి. ఆ ఏడాది ఉగాది ఏప్రిల్ 2న, మర్నాడే రంజాన్ మొదటి ఉపవాసం. ఉగాదికి దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి మన ఊరి ముస్లింలు పోయి టెంకాయ కొట్టించుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ అని, స్వామి తమ ఇంటి అల్లుడని వాళ్ల నమ్మకం. మాస్టరు కూడా ఇంట్లోవాళ్లతో పోయి, వస్తూ నాకు టెంకాయ చిప్ప ఒకటి తెచ్చిచ్చాడు. మర్నాటినుంచి ఉపవాసం.

రంజాన్ నెలలో మా గిరాకీ అరవై నుంచి నూట ఎనభై బన్నులకు పోయింది. తరావీ నమాజు అయ్యాక పదింటికి మొదలై ఒంటిగంట దాకా జనం. ఆ నెలకని మటన్ ఖైమా బర్గర్ చేశాం. ఖైమా ముద్ద అంచులు పెనం మీద కరకరలాడేలా అదమడం బావ ఆ నెలలోనే నేర్చుకున్నాడు. పిండికి మాత్రం ఎండదెబ్బ. తెల్లవారుజామున కూడా బేకరీ లోపల కాక తగ్గేది కాదు. చలికాలం రెండు గంటల్లో పొంగిన పిండి గంటకే పొంగి పులిసేది. ఐసు ముక్కలు వేసిన నీళ్లతో కలిపాం, ఈస్టు ఇంకా తగ్గించాం.

మాస్టరు సహరీ, అంటే ఉపవాసానికి ముందు తెల్లార్జామున తినే తిండి, ముగించి, నమాజు చేసుకుని వచ్చి పిండి కలిపేవాడు. ఉపవాసంలో రుచి చూడడు కాబట్టి ఉప్పు చూసే పని నాది. ఒకరోజు నేను ఆలస్యంగా పోయాను. ఆయన కొడుకు పిండి కలిపేసి, ముద్ద చెక్కతొట్టిలో వేసి ఉన్నాడు. మాస్టరు వచ్చి రెండు చేతులూ పిండి మీద పెట్టి ఒక్కసారి మడిచాడు. "ఉప్పు పడల్యా" అన్నాడు. కొడుకు వేశానన్నాడు. నేను చిటికెడు నోట్లో వేసుకున్నాను, నిజంగానే ఉప్పు లేదు. ఉప్పు లేని పిండి పట్టు లేకుండా సాగుతుంది, చేతికి అంటుకుంటుంది, తొందరగా పొంగుతుంది. ఇదంతా నేను పుస్తకంలో చదివినవాణ్ణే. ఆయన చేతులకు చెప్పింది పిండే. ఉప్పు చల్లి మళ్లీ పిసుకుతుంటే ఆయన నుదుటి మీంచి చెమట కారుతోంది. సాయంత్రం దాకా ఒక్క చుక్క నీళ్లు తాగడు. నేను పక్కకు తిరిగి ఆయన ముఖం మీది చెమట తువ్వాలుతో తుడిచాను. ఆయన ఏమీ అనలేదు.

ఆరు నెలలు పిలిచినా మాస్టరు మా అంగడికి రాలేదు. రాత్రి తొమ్మిదికే పడుకోవాలి, రెండున్నరకు లేవాలి, ఎట్లా వస్తాడు? మే 2 రాత్రి, మర్నాడు పండగనగా, మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. వీధంతా జనం. టైలరన్న అంత గిరాకీలో కూడా మిషన్ ఆపి ఆయనకు స్టూలు వేశాడు. బావ ఖైమా బర్గర్ చేసి ఇచ్చాడు. మాస్టరు వెంటనే తినలేదు. పై బన్ను ఎత్తి కోసినవైపు చూశాడు, నొక్కాడు, కింది ముక్కను తిప్పి అడుగు చూశాడు. తర్వాత మొత్తం తిన్నాడు, నిదానంగా, ఒక్క నువ్వుగింజ వదలకుండా.

"ఖైమా బాగుంది" అన్నాడు. "బన్ను అడుగు ఇంకా రొంత కాలాల. రెండు నిమిషాలు ఎక్కువ పెడ్తా రేపు."

"రేపు పండగ గదా మాస్టరూ, భట్టీ లేదు గదా."

"అయితే ఎల్లుండి."

నాలుగో తేదీ పొద్దున వచ్చిన ట్రేలోంచి ఒక బన్ను తీసి తిప్పి చూశాను. అడుగు బెల్లం రంగులో ఉంది.